తల్లి చేప కట్టిన చద్దిమూట

గోదావరికి ఎర్రనీరు రాగానే యానాం రేవులో పులస బేరాలు మొదలవుతవి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. పొట్టనిండా గ్రుడ్లున్న పెద్ద చేపకే గిరాకీ. లక్షల గ్రుడ్లు పెట్టే జాతి, ఒకటి పోతేనేమి అని సమాధానపడుతుంటాము. కాని చేపలలో తల్లులందరూ ఒకటి కాదు.

చేపపిల్లకు పాలిచ్చే తల్లి లేదు. గ్రుడ్డులోని పచ్చసొన, నూనెబొట్టు - ఇవే తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట. స్వయంగా మేత పట్టుకోవడం రాకముందే అది అయిపోతే పిల్లకు ఆకలిచావే. తల్లి చిక్కి ఉంటే మూట తేలిక.

అమెరికాలో ఓరెగాన్ తీరాన నల్ల రాక్‌ఫిష్ అనే చేప ఉన్నది. అది గ్రుడ్లు బయట పెట్టదు, పిల్లలనే కంటుంది. బర్కిలీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు 2004లో దానిపై తమ పరిశోధన ప్రకటించారు. వయసు మీరిన తల్లుల పిల్లలకు నూనెబొట్టు పెద్దది. అవి పడుచు తల్లుల పిల్లలకంటె మూడురెట్లకు మించిన వేగంతో పెరిగినవి. మేత లేకుండా రెండురెట్లకు పైగా ఎక్కువకాలం బ్రతికినవి. చూలాలికి ఇంకొంత నెయ్యి వెయ్యమనే మన అమ్మమ్మలకు తిండి సంగతి వింత కాదు. ముసలితల్లే మేలన్న సంగతి మాత్రం వింతగానే తోచవచ్చు.

చెరువులలో చేపలు పెంచేవారు తల్లి పోషణ విలువ బాగా ఎరుగుదురు. ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, అలీకున్హి గారలు పిట్యూటరీ గ్రంథిరసం సూదితో ఎక్కించి కార్పు జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించారు. బొచ్చె, శీలావతి పిల్లలకోసం ఏటిమీదనే ఆధారపడే అవసరం దానితో తగ్గినది. అయితే సూదిమందు గ్రుడ్డును విడిపిస్తుందే గాని అందులో సత్తువ నింపదు. అందుకే తల్లిచేపలను నెలల ముందే వేరే చెరువులో పలుచగా వదలి, తవుడు, వేరుశనగ చెక్క పెట్టి మేపుతారు.

పులసను అట్లా మేపేవారు లేరు. తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం ఉన్నది. మంచిదే. కాని పులస ఏరెక్కేది ఆ గడువు దాటినాక. పెద్ద కన్నుల వలలో చిన్నవి జారిపోతవి, బలిసిన తల్లి చిక్కుతుంది. అది గ్రుడ్లు పెట్టకముందే మన తట్టలోకి వస్తుంది.

గ్రుడ్లు లేని పోతు పులస వెల కొంత తక్కువ. బెండకాయ వేసి పులుసు పెడితే రుచికి లోటు ఉండదని మా ఇంటి ఆడవారి మాట.