ఒక్క గాలి బుడగ: ఓడ మీద నా కెమిస్ట్రీ ఉద్యోగం

నేను మొదటిసారి ఓడెక్కే ముందు మా చిన్నాన్న ఒక ప్రశ్న అడిగాడు. ఆయన భీమిలి దగ్గర ముప్పై ఏళ్లుగా వేటకి వెళ్తున్న మనిషి. "చేపలు పట్టరు, సరుకు మోయరు. మరి నెల రోజులు సముద్రంలో ఏం చేస్తార్రా?" అన్నాడు. "నీళ్లు పట్టుకొస్తాం చిన్నాన్నా" అన్నాను. ఆయన ఒడ్డుకేసి చూసి, "ఏం, ఇక్కడ లేవా?" అన్నాడు.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ మీకు చెప్తాను.

నాది సముద్ర రసాయన పరిశోధనలో టెక్నీషియన్ పని. సైంటిస్టుని కాదు. పేపర్ అచ్చయినప్పుడు నా పేరు ఉంటే గింటే చివర థాంక్స్ చెప్పే చోట ఉంటుంది. కానీ అందులో గ్రాఫ్ మీదున్న ప్రతి చుక్కా ముందు నాలాంటోడి చేతిలో ఒక గాజు సీసా.

ముందు మన బంగాళాఖాతం సంగతి. పైనీళ్లలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, లీటరుకి సుమారు 200 మైక్రోమోల్స్. ఒక 100 మీటర్లు కిందికెళ్లేసరికి దబ్బున పడిపోతుంది. అక్కణ్నుంచి కొన్ని వందల మీటర్ల మందాన దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి లాంటి నదులు తెచ్చే మంచినీళ్లు తేలిక. ఉప్పునీళ్ల మీద మూతలా పరుచుకుంటాయి. కిందికి గాలి అందదు. పైనుంచి రాలే చచ్చిన నాచునీ, చెత్తనీ తింటూ బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ వాడేస్తాయి. అరేబియా సముద్రంలో వ్యవహారం ఇంకో మెట్టు దిగింది. అక్కడ ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా నైట్రేట్ మీద పడ్డాయి. అది నైట్రోజన్ వాయువై ఎగిరిపోతుంది, అంటే సముద్రానికి ఎరువు పోయినట్టే. మన బంగాళాఖాతం ఆ గీత అంచున నిలబడి ఉంది. అతి కొద్ది ఆక్సిజన్ జాడలే దాన్ని అక్కడ ఆపుతున్నాయని 2017లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ జాడల్ని కొలిచే సెన్సర్లు వేరు, మా పద్ధతి అంత లోతుకి పోదు. అయినా ఆ పొరలో మా నంబరు 2 వచ్చిందా, 6 వచ్చిందా అన్నది చిన్న తేడా కాదు.

ఇక పని. గుండ్రటి ఫ్రేమ్ చుట్టూ పొడుగు ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి, నిస్కిన్ బాటిల్స్ అంటారు. రెండు వైపులా మూతలు తెరిచి, వించ్‌తో కిందికి దింపుతాం. పైకి లాగేటప్పుడు ఏ లోతులో కావాలో అక్కడ కంప్యూటర్ నుంచి మూతలు మూసేస్తాం. డెక్ మీదికి రాగానే అందరూ నీళ్ల కోసం ఎగబడతారు. కానీ వాయువుల శాంపిల్స్‌దే ముందు వరస, అందులో ఆక్సిజన్ ఒకటి. ఆలస్యమైతే గాలి కలుస్తుంది.

రబ్బరు ట్యూబు సీసా అడుగుదాకా పెట్టి, నీళ్లు పొంగి పొర్లేలా నింపాలి. ట్యూబులో బుడగ కనిపిస్తే గిల్లి గిల్లి తరిమేయాలి. వెంటనే మాంగనీస్ క్లోరైడ్, ఆల్కలైన్ అయోడైడ్ వేసి బిరడా పెట్టి ఊపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే పాలలా తెల్లగా ఉంటుంది. మొదటిసారి ఆ తెలుపు చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత యాసిడ్ వేసి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్. స్టార్చ్ నీలం మాయమయ్యే చుక్క దగ్గర ఆపాలి. ఇంటర్ ల్యాబ్‌లో పిపెట్ పట్టినవాళ్లు ఎవరైనా నేర్చుకోవచ్చు. హంగేరీ కెమిస్ట్ లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి ఇది. ఇప్పటి సెన్సర్లు దారి తప్పితే సరిచేసేది కూడా దీంతోనే. తేడా ఒక్కటే, ఇక్కడ ల్యాబ్ ఊగుతూ ఉంటుంది.

మా సీసా 125 మిల్లీలీటర్లు. అందులో మిరియపు గింజంత గాలి బుడగ ఇరుక్కుంటే లీటరుకి 4 మైక్రోమోల్స్ దాకా లెక్కన దొంగ ఆక్సిజన్ కలుస్తుంది. 2 ఉన్నచోట 6 వస్తుంది.

నా రెండో ట్రిప్‌లో అదే జరిగింది. పన్నెండు గంటల డ్యూటీ, రాత్రి రెండున్నర. 200 మీటర్ల సీసా తెలుపు, 400 సీసా తెలుపు, మధ్యలో 300ది లేత గోధుమ! పక్కనున్న పీహెచ్‌డీ స్టూడెంట్ కళ్లు మెరిశాయి. "అన్నా, పక్కనుంచి వేరే నీళ్లేమైనా చొరబడ్డాయా?" అన్నాడు. నిజమైతే అతని థీసిస్‌లో ఒక చాప్టర్.

నాకు మాత్రం కడుపులో తిప్పింది. అది సీ సిక్‌నెస్ కాదు. ఆ సీసా నింపేటప్పుడు ట్యూబులో ఏదో తళుక్కుమంది. చూశాను, నిద్రమత్తులో వదిలేశాను. అదే లోతుకి రెండో సీసా పట్టాల్సింది, అదీ పట్టలేదు.

బాటిల్ లీకై ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. లీకైతే పై నీళ్లు కలిసి ఉప్పు తగ్గాలి. మర్నాడు ఆ బాటిల్ ఉప్పు శాంపిల్ కొలిస్తే, సెన్సర్ చెప్పిన దానితో సరిగ్గా సరిపోయింది. ఆక్సిజన్ సెన్సర్ గీత కూడా 300 దగ్గర చదునుగానే ఉంది. అంటే బాటిల్ తప్పు కాదు, సముద్రం వింతా కాదు.

మా షీట్లో ప్రతి నంబరు పక్కనా ఒక కోడ్ ఉంటుంది. 2 అంటే బాగుంది, 3 అంటే అనుమానం, 4 అంటే పనికిరాదు. 3 రాస్తే నా తప్పు బయటపడదు. నాదేమో ప్రాజెక్టు కాంట్రాక్టు, ఆర్నెల్లకోసారి రెన్యువల్. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

4 వేసి, పక్కన "ట్యూబులో బుడగ, చూసి వదిలేశాను" అని రాసి సంతకం పెట్టాను. ఆ స్టూడెంట్ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఓడ వెనక్కి తిరగదు కదా, ఆ చుక్క అతనికి ఎప్పటికీ ఖాళీయే. చీఫ్ సైంటిస్టు షీటు చదివి, ఏమీ అనకుండా పక్కన పెట్టారు.

ఆ రాత్రి కొత్త స్టేషన్. డెక్ మీద వరసలో నేను కావాలనే వెనక నిలబడ్డాను. ఆయన ఆక్సిజన్ ట్యూబు తీసి నా చేతికిచ్చి, "300కి రెండు సీసాలు పట్టు" అన్నారు.