దారి ముగిసే ఊళ్లవైపు సైకిల్

ఊటీ అనగానే మనవాళ్లకి బొటానికల్ గార్డెన్, సరస్సులో పడవ షికారు, తెలుగు సినిమా పాటలు గుర్తొస్తాయి. ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లైతే ముందు ట్రాఫిక్ గురించే చెబుతారు. మే నెలలో చేరింగ్ క్రాస్ కూడలి దగ్గర కార్లు బంపర్‌కి బంపర్ ఆనించుకుని నిలబడి ఉంటాయి. కొండ గాలి కోసం వెళ్లి డీజిల్ పొగ పీల్చుకుని తిరిగొస్తున్నారు పాపం.

అదే ఊళ్లోంచి నైరుతి వైపు సైకిల్ తిప్పండి. ఒక గంట తొక్కేసరికి మీ చెవిలో పడేవి గొలుసు చప్పుడు, దూరంగా ఏదో బస్సు హారన్, అంతే. నీలగిరుల్లో ఇలాంటి దారులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని వెతికి పట్టుకోవడానికి పెద్ద రహస్యమేమీ అక్కర్లేదు. మ్యాప్ తీసి, ఏ రోడ్డు ఎక్కడికీ వెళ్లకుండా ఆగిపోతోందో చూడాలి. మేట్టుపాళయం నుంచి కూనూరు, ఊటీ, గూడలూరు మీదుగా కర్ణాటకకో కేరళకో దాటే రోడ్డు మీద లోకమంతా నడుస్తుంది. కొండ అంచున ఒక ఊరికి చేరి అక్కడే ముగిసిపోయే రోడ్డు మీదికి ఆ ఊరివాళ్లు, పాలవ్యాన్, రోజుకి కొన్ని బస్సులు తప్ప ఎవరు వస్తారు? అవలాంచి, కిన్నకోరై, కోరకుందా, కోడనాడు... నాకు తెలిసిన మంచి సైకిల్ దారులన్నీ ఇలా ముగిసిపోయేవే.

ఇదంతా నీలగిరి జీవావరణ పరిరక్షణ ప్రాంతం. 1986లో దేశంలోనే మొట్టమొదటగా ప్రకటించింది దీన్నే. తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లో 5,520 చదరపు కిలోమీటర్లు. ముదుమలై, బందీపూర్, నాగర్‌హొళె, వయనాడ్, ముకుర్తి, సైలెంట్ వ్యాలీ అన్నీ ఇందులోనివే. మనుషుల్ని బయటికి పంపి కంచె వేసిన అడవి కాదిది. లోపలి అడవులు జంతువులకి వదిలేసి, చుట్టూ ఊళ్లు, తోటలు, బళ్లు, బస్సులు ఎప్పటిలాగే సాగుతుంటాయి. సైకిల్ తిరగాల్సింది ఈ చుట్టుపక్కల దారుల్లోనే.

క్యారెట్ల లోయ దాటితే

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పే దారి ఊటీ నుంచి ఎమరాల్డ్. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి బంగాళదుంప పరిశోధన కేంద్రం ఉన్న ముత్తోరై పాలాడ వైపు దిగాలి. లోయంతా మెట్లు మెట్లుగా కూరగాయల మళ్లు. రోడ్డు పక్కన క్యారెట్లు కడిగే చోట తప్పకుండా ఆగండి. మట్టి అంటిన క్యారెట్లని బస్తాల్లోంచి పెద్ద ఇనుప డ్రమ్ములో కుమ్మరిస్తారు. అది గిర్రున తిరుగుతుంటే పైనుంచి నీళ్లు కొడతారు. ఎర్రమట్టి నీరు ఒకవైపు కారిపోతుంటే ఇంకోవైపు నుంచి నారింజ రంగు కుప్ప జారి పడుతుంది. రబ్బరు బూట్లు తొడుక్కున్న కుర్రాళ్లు చేతులతో ఏరి, విరిగినవి పక్కన పడేస్తారు. అడిగితే రెండు చేతిలో పెడతారు. అప్పుడే కడిగిన ఆ క్యారెట్ ముందు ఏ ఎనర్జీ బార్ అయినా దిగదుడుపే.

పాలాడ తర్వాత ఎక్కుడు మొదలవుతుంది. ఇత్తలార్ లాంటి బడగ జనం ఉండే ఊళ్లు, వరసగా అతుక్కున్న ఇళ్లు, నిండా తేయాకు తోటలు. ఆ పైన ఎమరాల్డ్ జలాశయం. నీళ్లకి అవతల అవలాంచి. పూర్వం ఇక్కడ కొండచరియ విరిగిపడిందని, ‘అవలాంచ్’ అన్న ఇంగ్లీషు మాట నుంచి ఆ పేరొచ్చింది. అటవీశాఖ గేటు దగ్గర మన దారి అయిపోతుంది. లోపలికి వాళ్ల వాహనాల్లోనే వెళ్లాలి. గేటు దగ్గర బతిమాలడం, సైకిలే కదా అని వాదించడం దయచేసి వద్దు.

ఈ దారిలో సైకిల్ మీద ఉన్నవాళ్లకి మాత్రమే తెలిసేది ఒకటుంది. యూకలిప్టస్ తోటలోంచి వెళ్తుంటే గాలి పొడిగా, ఘాటుగా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మలుపులో ముంజేతుల మీద చల్లగా తగులుతుంది. తలెత్తి చూస్తే కొండ మడతలో ఇరుక్కున్నట్టు గుబురుగా పొట్టి చెట్లు, నాచు పట్టిన కొమ్మలు. అదే షోలా అడవి. దాని చుట్టూ ఉండే గడ్డి మైదానం వానని స్పాంజిలా పీల్చుకుని, ఎండాకాలంలో కొద్దికొద్దిగా వాగుల్లోకి వదులుతుంది. భవాని లాంటి నదులకి ఆ నీళ్లే ఊపిరి. బయటి దేశం నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్, వాటిల్ చెట్లు ఆ గడ్డిని చాలామటుకు మింగేశాయి. కారు అద్దంలోంచి చూస్తే అంతా పచ్చగానే కనిపిస్తుంది. ఏ పచ్చదనం ఈ కొండదో, ఏది అరువు తెచ్చిందో తొక్కేవాడి ఒంటికి తెలుస్తుంది.

మంజూరు అవతల

ఎమరాల్డ్ నుంచి కుందా వైపు దిగి మళ్లీ ఎక్కితే మంజూరు. దారంతా ఆనకట్టలు, సొరంగాలు, కొండ మీంచి కిందికి దూకే లావాటి నీటి గొట్టాలు. కొలంబో ప్రణాళిక కింద కెనడా సాయంతో కట్టిన జలవిద్యుత్ కేంద్రాలివి. అక్కడివాళ్లు ఇప్పటికీ ‘కెనడా పవర్ హౌస్’ అనే అంటారు. మంజూరు చిన్న బజారు. టీ, దాంతోపాటు వర్కీ. పొరలు పొరలుగా కరకరలాడే ఈ బిస్కెట్టుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జేబులో నాలుగు వేసుకుని బయల్దేరండి, ముందు కొట్లు తక్కువ.

ఇక్కణ్నుంచి తాయిషోలా మీదుగా కిన్నకోరై దాకా వెళ్లే దారి నీలగిరుల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. ఒక బస్సు పట్టేంత వెడల్పు. ఒక పక్క తేయాకు, ఇంకో పక్క షోలా. బస్సు ఎదురైతే దిగి, సైకిల్‌ని గట్టు మీదికి ఎత్తుకుని నిలబడాలి. డ్రైవర్ చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. తర్వాత చాలాసేపటిదాకా మళ్లీ ఇంజిన్ చప్పుడే ఉండదు. చివర్లో కిన్నకోరై. అక్కడ నేల తెగిపోయినట్టు ఆగిపోయి, కింద కేరళ అట్టప్పాడి వైపు లోయ తెరుచుకుంటుంది. చేరాక గుర్తుంచుకోవాల్సింది ఒకటే, వచ్చిన దారినే వెనక్కి తొక్కాలి. కాళ్లలో సగం బలం మిగుల్చుకోండి.

మంజూరు నుంచి గెద్దై మీదుగా కోయంబత్తూరు వైపు దిగే ఇంకో రోడ్డుంది. 43 హెయిర్‌పిన్ మలుపులు. సైకిల్ వాళ్లెవరికైనా ఆ లెక్క వింటేనే కాళ్లు జిలజిలమంటాయి. అయినా కింది భాగానికి వెళ్లొద్దనే నా మాట. అది ఏనుగుల దారి. సైకిల్‌కి చప్పుడు లేకపోవడమే మనకి ఆనందం, అక్కడ అదే ప్రమాదం. లారీ వస్తుంటే ఏనుగుకి ముందే తెలుస్తుంది, పక్కకి తప్పుకుంటుంది. సైకిల్ మలుపు తిరిగి ఒక్కసారిగా ముందు ప్రత్యక్షమైతే అది బెదురుతుంది. బెదిరిన ఏనుగు ముందు ఏ గేరూ పనికిరాదు. ముదుమలై, మసినగుడి వైపు కూడా ఇదే వరస. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్హట్టి రోడ్డులో 36 మలుపులు. 2008 నుంచి జరుగుతున్న ‘టూర్ ఆఫ్ నీలగిరీస్’ సైకిల్ యాత్రలో పేరుమోసిన ఎక్కుడు అదే. బయటి బళ్లని ఆ రోడ్డు మీద కిందికి దిగనివ్వడం లేదు. నిర్వాహకులు, ముందు వెనక బండ్లు ఉన్నప్పుడు ఎక్కడం వేరు, ఒంటరిగా వెళ్లడం వేరు.

అడవిదున్నకి దారివ్వండి

తూర్పున కోటగిరి. 1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ కొండెక్కి మకాం వేసింది దీని పక్కన కన్నేరిముక్కులోనే. మేట్టుపాళయం నుంచి ఇక్కడికి సుమారు 33 కిలోమీటర్లలో 1,450 మీటర్లు ఎక్కాలి. అంటే ప్రతి వంద మీటర్లకి నాలుగున్నర మీటర్ల లోపే. కల్హట్టి వాలులో ఇది సగం. అనంతగిరి ఘాట్‌లో అరకు దాకా తొక్కిన విశాఖవాళ్లకి కాళ్లు బాగానే సహకరిస్తాయి, ఊపిరి మాత్రం ఊటీ ఎత్తులో కొంచెం మొరాయిస్తుంది. ఒక రోజు ఊళ్లో నెమ్మదిగా తిరిగి, మర్నాడు బయల్దేరడం మేలు.

కోటగిరి నుంచి కోడనాడు దారి తేయాకు తోటల మధ్య అలలా లేచి పడుతుంది. ఇక్కడ అడవిదున్నలు ఎక్కువ. ఒక ఉదయం మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా ఒకటి నిలబడి ఉంది. నల్లటి ఒళ్లు, మోకాళ్ల కింద తెల్ల సాక్సులు తొడిగినట్టు కాళ్లు, మూపురం నా తలకంటే ఎత్తు. ముట్టె మీద మంచు బిందువులు కూడా కనిపించేంత దగ్గర. ఆకు కోసే ఆడవాళ్లు తోటలోంచి ‘కదలొద్దు’ అన్నట్టు చేతులు చూపించారు. సైకిల్‌ని అడ్డం పెట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి జరిగాను. అది తీరిగ్గా చూసి, తోటలోకి దిగి, మొక్కల వరసల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఆ ఆడవాళ్లకి ఇది నిత్యం ఉండేదే. వాళ్లు మళ్లీ పనిలో పడ్డారు. అందుకే బాగా తెల్లారాకే తొక్కండి, చీకటి పడకముందే గదికి చేరండి. మంచులో వెనక ఎర్రలైటు పగలు కూడా వెలగాలి.

ఏ నెలలో ఏ వైపు అన్నది ముఖ్యం. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి వాన కుందా వైపు విరుచుకుపడుతుంది. 2019 ఆగస్టులో అవలాంచిలో 24 గంటల్లో 900 మిల్లీమీటర్లు దాటింది. ఆ నెలల్లో కోటగిరికి దొడ్డబెట్ట కొండలే గొడుగు. అక్టోబరు, నవంబరుల్లో లెక్క తిరగబడుతుంది. ఈశాన్య వాన తూర్పు వైపుకి కొండచరియల భయం తెస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు వైపులా బాగుంటుంది, పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకట్టినా సరే. నీళ్ల సీసా మీదే తీసుకెళ్లండి. జిల్లాలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం, దారిలో నీళ్ల ఏటీఎంలలో నింపుకోవచ్చు. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండొద్దు, మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదిలేయాలి. ఎక్కే బండికి ఎప్పుడూ దారివ్వాలి.

ఈ నిశ్శబ్దం దానంతటదే నిలవదు. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి బయటి వాహనాలకి ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ నుంచి వేసవి రద్దీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలని పరిమితి పెట్టారు. వ్యాపారులు గొడవ చేశారు, వాళ్ల బాధ వాళ్లది. నాకైతే ఇంకో అడుగు వేయాలనే ఉంది. బళ్లని లెక్కపెట్టడం ఎలాగూ మొదలైంది కాబట్టి, ఎమరాల్డ్, కిన్నకోరై, కోడనాడు దారుల్లో ఆదివారం ఉదయం పది దాకా పర్యాటకుల కార్లు ఆపి చూడాలి. ఊరి బస్సులు, పాలవ్యాన్లు, ఆకు లారీలు మామూలుగానే తిరగాలి. సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు, వర్కీ అమ్మేవాళ్లు ఆ ఊళ్లలోనే పుట్టుకొస్తారు. ఇప్పుడు ఊటీలో ఖర్చయ్యే డబ్బు కొంచెం మంజూరుకీ చేరుతుంది.