మడత తెర మీద చెట్టూ, పిట్టా

జపాను మడత తెరల బొమ్మలు కాలెండర్ల మీద మనం చూస్తూనే ఉంటాం. బంగారు నేల మీద పెద్ద పైన్ చెట్టు, దాని కింద రెండు సారసాలు. బాగుందనుకుని పేజీ తిప్పేస్తాం. కాని అచ్చులో బల్లపరుపుగా చూస్తే అందులో సగం అందం మనకు దక్కదు. ఎందుకంటే అది గోడకు తగిలించే పటం కాదు, ఇంట్లో వాడుకునే సామాను!

జపాను వాళ్లు దీన్ని 'బ్యోబు' అంటారు. గాలికి అడ్డు అని అర్థం. నేలమీద కూర్చునే ఇళ్లలో చలిగాలి కొట్టకుండానో, నలుగురి కళ్లూ పడకుండానో నిలబెట్టేవారు. పని తీరగానే మడిచి మూల పెట్టడమే. కొయ్య చట్రం మీద కాగితమో పట్టో అతికిస్తారు కనక బరువుండదు.

మొదట్లో ఒక్కో రెక్కకు విడిగా అంచు కట్టి, రెక్కల్ని తాళ్లతో ముడివేసేవారు. మధ్యలో అంచు అడ్డొస్తుంటే కొమ్మ పక్క రెక్కలోకి ఎలా సాగుతుంది చెప్పండి? 14వ శతాబ్దంలో కాగితపు మడతబందులు వచ్చాయి. ఒక రెక్క ముందునుంచి పక్క రెక్క వెనక్కు అంటించిన కాగితం పట్టీలు, అంతే! సందు మాయమైంది. చెట్టు ఆరు రెక్కల మీదా ఒళ్లు విరుచుకుంది.

తెర నిలబడాలంటే వంకీలు వంకీలుగా మడిచి ఉండాలి కదా. అందుకని ముందుకొచ్చిన మడత దగ్గర కొమ్మ మన మీదికి వంగినట్టుంటుంది. లోపలి మడతలోని పిట్ట దాక్కున్నట్టుంటుంది. నాలుగడుగులు పక్కకు జరగండి, బయటపడుతుంది! బంగారు రేకు కూడా ఆర్భాటానికే కాదు, చీకటి గదిలో దీపం వెలుగును మళ్లీ గదిలోకి పంపేది.

తెరలు ఎక్కువగా జంటగా ఉంటాయి. కుడినుంచి ఎడమకు చూడాలి, వాళ్ల రాత నడిచేదీ అలాగే. ఋతువుల తెరల్లో కుడి చివర వసంతం, ఎడమ చివర మంచు. ప్లమ్ పూలకు జోడు ఉగుయిసు అనే చిన్న పిట్ట, మనకు మామిడి చిగురూ కోయిలా లాగన్నమాట. వెదురుకు పిచ్చుక. పైన్‌కు సారసం, రెండూ దీర్ఘాయువుకు గుర్తులే. నిజానికి జపాను సారసం చెట్టెక్కదు, దాని వెనకవేలు కొమ్మను పట్టుకోలేదు. అయినా కొమ్మమీద కూర్చోబెట్టిన చిత్రకారులున్నారు. శుభమా, నిజమా అంటే శుభానికే ఓటు వేశారు!

పిట్ట ఒక్కటీ లేకుండా చెట్టే నిండిన తెర ఒకటి టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. 1590 నాటి సైప్రస్ చెట్టు, కానో ఎయితొకు గీసిందంటారు. అది మొదట పక్కకు జరిపే తలుపుల మీది బొమ్మ. తర్వాత ఎనిమిది రెక్కల తెరగా మార్చారు. పాపం, అతుకుల దగ్గర కొమ్మలు సరిగా కలవలేదు. 2012, 2014 మధ్య బాగుచేసినప్పుడు నాలుగేసి రెక్కల రెండు తెరలుగా విడదీశారు. తలుపు పిడులుండిన చోట గుర్తులు మాత్రం బొమ్మలో ఇప్పటికీ కనిపిస్తాయి.