బిల్లు చివర అయిదు శాతం ఎవరిది?

సూర్యాపేట: హైదరాబాదు - విజయవాడ రహదారిపై సూర్యాపేటలోనో, కోదాడలోనో బస్సు దిగి టిఫిను చేసి, బిల్లు చివర 5 శాతం పన్ను చూసి గల్లా దగ్గర తగవు పడేవారున్నారు. తగవు కన్నా ముందు బిల్లు పైభాగం చదవడం మేలు. 36తో మొదలయ్యే 15 అంకెలు, అక్షరాల జి.ఎస్.టి. నంబరు లేనిదే పన్ను అడిగే హక్కు హోటలుకు లేదు.

నంబరున్నా అందరూ అడగరాదు. ఏడాది అమ్మకం కోటిన్నర రూపాయలు మించని హోటలు ‘కాంపోజిషన్’ పద్ధతికి ఒప్పుకుంటే, మొత్తం అమ్మకంపై 5 శాతం తన గల్లాపెట్టె నుంచే కట్టాలి. గిరాకీల వద్ద పైసా పుచ్చుకోరాదు. ఆ మాట బిల్లుపై రాయాలి కూడా. మిగతా హోటళ్లు 5 శాతం వసూలు చేసి సర్కారుకు జమకడతాయి.

యజమానుల బాధ వంటింట్లో ఉంది. హోటలు గ్యాసు సిలిండరుపై పన్ను 18 శాతం. 2017 నవంబరు 15 నుంచి భోజనంపై పన్ను 5 శాతానికి దిగింది గాని, సరుకులకు కట్టిన పన్ను తగ్గించుకునే వీలు పోయింది. ఆ భారం ఇడ్లీ ధరలోనే కలుస్తుంది. బియ్యం కాస్త నయం. మిర్యాలగూడ మిల్లు బియ్యం 25 కిలోలు మించిన సంచిలో కొంటే పన్ను లేదు. అంతకులోపు లేబులు సంచికి 5 శాతం.

ఏడాదికి 20 లక్షలు, అంటే రోజుకు సుమారు 5,500 రూపాయల అమ్మకం దాటని చిన్న హోటలుకు రిజిస్ట్రేషనే అక్కరలేదు. దాటితే 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. రోజువారీ లెక్క రాయనివారికి ఎప్పుడు దాటిందో తెలిసేది నోటీసు వచ్చాకే.