బిల్లు కౌంటర్ దగ్గర బయటపడే అప్పులు

మన ఆసుపత్రిలో భార్యాభర్తలు మాటామాటా అనుకోవడం ఎక్కువగా వినిపించేది వార్డుల్లో కాదు, బిల్లు కౌంటర్ ఎదురుగా ఉన్న బెంచీల మీద. "అడ్వాన్సు కట్టాలండీ" అనగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "మొన్న ధాన్యం డబ్బులు వచ్చాయి కదా, ఏవి?" అని ఆమె అడుగుతుంది. "ఆ సంగతి ఇప్పుడెందుకు?" అని ఆయన విసుక్కుంటారు. అంతవరకు ఇంట్లో ఎవరికీ తెలియని అప్పు నలుగురి ఎదుట బయటపడుతుంది. లోపల మంచం మీద ఉన్నవారికి నొప్పికి తోడు దిగులు కూడా పట్టుకుంటుంది.

డబ్బు గురించి వ్రాయడం నర్సుల పని కాదని కొందరు అనుకోవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో తిరిగిన నాకు మాత్రం అలా అనిపించదు. ఆలుమగలు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్న అప్పు చాలాసార్లు జబ్బుగా మారి మా దగ్గరకే వస్తుంది.

ఎలా మారుతుందో ఒక సంగతి చెప్తాను. ఊరు, పేరు వద్దు. షుగరు వ్యాధి ఉన్న ఒక తాపీ మేస్త్రీ కాలి పుండుతో చేరారు. ఇన్సులిన్ వాడుతున్నానని వచ్చినప్పుడల్లా చెప్పేవారు. భార్య కూడా "మందులకని నెలనెలా ఇస్తూనే ఉన్నానమ్మా" అంది. తీరా నెమ్మదిగా అడిగితే, చెల్లెలి పెళ్ళికి ఆమెకు తెలియకుండా 50,000 రూపాయలు అప్పు తెచ్చారట. ఆ వడ్డీ కట్టడానికి మందుల డబ్బులు మళ్ళించి, ఇన్సులిన్ సగం మోతాదే పొడుచుకుంటూ ఒక సీసాను రెండు నెలలు నడిపేవారు. తెరిచిన ఇన్సులిన్ సీసాను సాధారణంగా నాలుగు వారాల లోపు వాడేయాలి. ఆ తరువాత మందు పనితనం మీద భరోసా ఉండదు. చివరకు రెండు కాలివేళ్ళు తీసేయవలసి వచ్చింది. "చెప్తే గొడవ చేస్తుందని చెప్పలేదు సిస్టరమ్మా" అన్నారాయన. ఆమె మాత్రం, "చెప్తే నా గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చేదాన్ని కదా" అని కూలబడిపోయింది.

ఆమె మాటలో ఎంత లెక్క ఉందో చూడండి. ఆయన తెచ్చినది నూటికి 3 రూపాయల వడ్డీకి. వినడానికి మూడు రూపాయలే. కానీ అది నెలకు. ఏడాదికి నూటికి 36 రూపాయలు అవుతుంది. 50,000కు నెలకు 1,500 చొప్పున మూడేళ్ళు కడితే 54,000 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. అదే గొలుసు బ్యాంకులో పెట్టి ఉంటే వడ్డీ అందులో మూడో వంతుకు అటూ ఇటూ ఉండేది. దాచిన అప్పుతో వచ్చే చిక్కే ఇది. ఇంట్లో తెలియకూడదు కాబట్టి, ఏ ప్రశ్నా అడగకుండా ఎవరు ఇస్తారా అని వెతుక్కుంటూ వెళ్తాం. అడగకుండా ఇచ్చేవాడు వడ్డీ మాత్రం ఎక్కువే వేస్తాడు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో యాప్‌ల అప్పులు కూడా వచ్చాయి. వాయిదా తప్పితే ఫోనులో ఉన్న బంధువుల నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తున్నవాళ్ళ గురించి పత్రికల్లో మీరూ చదివే ఉంటారు.

దాచేది మగవాళ్ళే అనుకోకండి. డ్వాక్రా సంఘంలోనూ, మైక్రో ఫైనాన్స్ కంపెనీల్లోనూ అప్పు ఆడవాళ్ళ పేరు మీదే వస్తుంది. తమ్ముడి ఆటో కోసమో, కూతురి ఫీజు కోసమో తెచ్చి భర్తకు చెప్పనివాళ్ళు చాలామంది. 2010లో మైక్రో ఫైనాన్స్ వాయిదాల ఒత్తిడి భరించలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మీద, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇలాంటి అక్కచెల్లెళ్ళు మా ఓపీకి అప్పు గురించి చెప్పుకోవడానికి రారు. తలనొప్పి, గుండె దడ, నిద్ర పట్టడం లేదు అని వస్తారు. ఈసీజీ తీస్తే బాగానే ఉంటుంది. "వాయిదా ఏ రోజమ్మా?" అని నేను అడిగితే కొందరు కళ్ళు తుడుచుకుంటారు. తలనొప్పి అయినా, దడ అయినా ముందు పరీక్ష చేయించుకోవలసిందే. పరీక్షలన్నీ బాగున్నాయన్నప్పుడు మాత్రం ఈ సంగతి కూడా డాక్టరు గారి చెవిన వేయాలి.

కోనసీమలోను, కడప జిల్లాలోను భార్య కువైట్‌లో ఇంటి పని చేసి డబ్బు పంపే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ తగాదా వేరే రకం. తాను పంపినది ఏమైందో ఆమెకు తెలియదు. పిల్లల్ని, ముసలి తల్లిని చూసుకుంటూ ఎంత ఖర్చయిందో ఆయన చెప్పరు. నెలాఖరున ఒక కాగితం మీద వచ్చినది, పోయినది వ్రాసి ఫోటో తీసి పంపితే సగం అనుమానం అక్కడే తీరుతుంది. ఆమె తన సంపాదనలో కొంత తన పేరు మీద ఉన్న ఖాతాలో వేసుకుంటే అందులో తప్పేమీ లేదు. ఆ సంగతి కూడా ఇద్దరికీ తెలిసి ఉండాలి, అంతే.

మరి ఈ మాటలు ఎప్పుడు మాట్లాడుకోవాలి? రాత్రి ఆయన తాగి వచ్చినప్పుడు కాదు. ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడు, అత్తగారు వింటున్నప్పుడు అసలే కాదు. జీతమో, కూలి డబ్బులో చేతికి వచ్చిన తరువాతి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక కూర్చోండి. పిల్లల పాత నోటుబుక్కు చాలు. ఒక పేజీలో వచ్చిన డబ్బు వ్రాయండి. ఎదుటి పేజీలో బాకీలు: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఏమి తాకట్టు పెట్టాం. స్నేహితుల కోసం, బావమరుదుల కోసం పెట్టిన హామీ సంతకాలు కూడా వ్రాయాలి. అది మన అప్పు కాదని అందరూ మరిచిపోతారు, అవతలివాడు కట్టనప్పుడు గుర్తొస్తుంది. చీటీ పాడుకొని ఉంటే ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో అదీ వ్రాయండి.

మొదటి నెల గొడవ అవుతుంది. కానివ్వండి. మాట పెరిగితే పుస్తకం మూసేసి మరునాడు తెరవండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. దాచిన అప్పును నోరు తెరిచి చెప్పినవారిని ఆ రోజు తిట్టకండి, పుట్టింటి మాట ఎత్తకండి. ఒక్కసారి తిట్లు తింటే రెండో అప్పు సంగతి ఇక జన్మలో చెప్పరు.

ఖర్చుల్లో బియ్యం పక్కనే మందులు వ్రాయండి. షుగరు, బీపీ మాత్రలు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. "ఈ మందు కొనలేకపోతున్నాం" అని మాకు చెప్పడానికి సిగ్గుపడకండి. చెప్తే డాక్టరు గారు తక్కువ ధర మందు వ్రాసే వీలుంటుంది. చెప్పకుండా మోతాదు సగం చేసుకుంటే, మందు చాలడం లేదనుకొని ఆయన ఇంకా పెంచుతారు. అప్పుడు ఒకరోజు మీరు పూర్తి మోతాదు వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

నోటుబుక్కులో ఎక్కని ఖర్చు ఒకటి ఉంది. రోజుకు 150 రూపాయలు సీసాకు పోతే నెలకు 4,500. దీన్ని "ఇతర ఖర్చులు" అని వ్రాసే ఇల్లాళ్ళను చూశాను, భర్త పరువు కోసం. పేరు పెట్టి వ్రాయమ్మా, అప్పుడే ఆయనకు కనబడుతుంది. కానుకల సంగతి కూడా ఇంతే. భార్యను అడగకుండా సంఘంలో మొత్తం ప్రకటించే పెద్దలు, భర్తకు తెలియకుండా కూటాలకు ఇచ్చి వచ్చే అక్కలు, ఇద్దరూ నాకు తెలుసు. ఇద్దరూ అనుకొని ఇస్తే ఆదివారం సాయంత్రం ఇంట్లో నెమ్మది ఉంటుంది.

అన్నీ మాటలతో తీరేవి కావు. భార్య కూలి డబ్బులు లాక్కోవడం, ఏటీఎం కార్డు గుంజుకోవడం, ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, ఇవి గృహహింస చట్టం, 2005 ప్రకారం ఆర్థిక హింస. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయవచ్చు. అప్పుల గొడవ తరువాత చనిపోవాలన్న ఆలోచన వస్తే, లేదా ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడితే, తేలికగా తీసుకోకండి. వాళ్ళను ఒంటరిగా వదలకండి, పొలం మందులు ఇంట్లో ఉంచకండి. 14416 టెలి మానస్ నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం. మా అత్యవసర విభాగంలో ప్రాణం దక్కినవాళ్ళు అప్పు ఎంతో చెప్పినప్పుడు, పక్కనున్న ఇంటివాళ్ళు "ఇంతేనా? ముందే చెప్తే ఎలాగో తీర్చేవాళ్ళం" అనడం నేను చాలాసార్లు విన్నాను.

కాగితాల గురించి రెండు మాటలు. బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు ఉందో లేదో ఇద్దరూ చూసుకోండి. అయితే నామినీ అంటే డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, హక్కుదారు వేరే ఉండవచ్చు. మన క్రైస్తవ కుటుంబాల్లో భర్త వీలునామా వ్రాయకుండా చనిపోతే, భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగిలిన రెండు వంతులు. ఇది తెలియక ఆస్తి అంతా తనదేననుకొనే అమ్మలు, తనకేమీ రాదనుకొనే అమ్మలు, ఇద్దరూ ఉన్నారు. ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య పథకం కార్డు ఎక్కడ ఉన్నాయో ఇద్దరికీ తెలియాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరుతోనే నడుస్తోంది. మీ జబ్బు అందులో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో చేరకముందే అడగండి. బీరువా తాళం జేబులో పెట్టుకొని భర్త స్ట్రెచర్ మీద వచ్చిన రోజున ఆ కార్డు కోసం పరుగెత్తడం చాలా కష్టం.

ఆపరేషనుకైనా, కాన్పుకైనా తేదీ అనుకున్నప్పుడు ఖర్చు అంచనా అడగడానికి ఒక్కరే రావద్దు. ఆలుమగలు ఇద్దరూ రండి, నోటుబుక్కు కూడా తెచ్చుకోండి. మందులు, గది, రక్తం, పరీక్షలు విడివిడిగా వ్రాసి ఇమ్మని అడగండి. అర్థం కాని చోట మళ్ళీ అడగండి. అంచనా అడిగినందుకు రుసుము ఏమీ లేదు.