సిల్వియా: ఇద్దరు చంద్రులు గల లఘుగ్రహము



గడచిన శివరాత్రినాడు వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయమున జాగరణ చేయుచుండగా ఒక వృద్ధుడు నన్నిట్లడిగెను: "పంతులుగారూ! ఆకసమున ఒక బండరాతికి ఇద్దరు చంద్రులున్నారనియు, దాని బరువు సైతము తెలిసినదనియు మా మనుమడు చెప్పుచున్నాడు. అంత దూరమున నున్నదానిని తూచినవారెవరు?" నమ్ముటకు ముందు అడుగుట వివేకుల లక్షణము. ఆయనకు చెప్పిన సమాధానమే నేటి ప్రసంగము.

కుజునకును గురునకును నడుమ లక్షలకొలది రాతిముద్దలు సూర్యుని చుట్టును తిరుగుచున్నవి. వీనిని లఘుగ్రహములందురు. మన పూర్వులు కంటికగపడు గ్రహముల గతిని గణించిరి. ఇవి సామాన్యముగ కంటికి కానరావు గనుక పంచాంగమున వీనికి చోటు లేదు.

వీనిలో సిల్వియా యనుదానిని 1866 మే 16వ తేదీన చెన్నపట్టణపు నక్షత్రశాలలో నార్మన్ పాగ్సన్ అను దొర కనుగొనెను. 1868లో సంపూర్ణ సూర్యగ్రహణము చూచుటకు మన మచిలీపట్టణమునకు వచ్చినవాడీతడే. ఆకాశపటమును ముందుంచుకొని, నక్షత్రముల నడుమ చోటు మారిన చుక్కను వెదకుట నాటి పద్ధతి. సిల్వియా సూర్యునికి సుమారు 52 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండి, ఆరున్నర సంవత్సరములకొక ప్రదక్షిణము చేయును. దాని అడ్డుకొలత సుమారు 270 కిలోమీటర్లు. వేములవాడనుండి హైదరాబాదు పోయి వచ్చు దూరముకంటె కొంచెము తక్కువ.

పిమ్మట 135 ఏండ్లవరకు అది ఒంటరి చుక్కయే. ధర్మగుండపు నీటి అడుగున పడిన నాణెము అలలచే చలించునట్లు, గాలిపొరల వలన ఆకసపు చుక్కలు చలించును. ఆ చలనమును క్షణక్షణము సవరించు అద్దములు వచ్చిన పిదప, 2001లో హవాయి ద్వీపమునందలి దూరదర్శినితో ఒక చంద్రుడును, 2004లో చిలీ దేశపు దూరదర్శినితో రెండవ చంద్రుడును కనబడిరి. రెండవవాని వార్త 2005లో వెల్లడియయ్యెను. రెండు చంద్రులు గల లఘుగ్రహము తెలియవచ్చుట అదియే మొదలు. రోము పురాణమున సిల్వియా కుమారులగు కవలల పేర్లే, రోములస్, రీమస్ అని వానికిడిరి. రోములస్ సుమారు 1350 కిలోమీటర్ల దూరమున మూడున్నర దినములకు పైగా తిరుగును. రీమస్ సుమారు 700 కిలోమీటర్ల దూరమున ఒకటిన్నర దినములలోపే చుట్టివచ్చును.

ఇక తూకము మాట. చేనికాపరి వడిసెల త్రిప్పుట చూచితిరి గదా! రాయి ఎంత వడిగా తిరిగిన, దానిని పట్టియుంచుటకు చేతికి అంత బలము కావలెను. అట్లే చంద్రుని దూరమును, చుట్టివచ్చు కాలమును తెలిసినచో, వానిని పట్టియుంచు సిల్వియా ఆకర్షణ తెలియును. ఆకర్షణ తెలిసిన బరువు తెలియును. చంద్రులే త్రాసు, గణితమే తూకపురాయి.

తూచి చూడగా వింత బయటపడెను. మన నల్లరాయి నీటికి రెండున్నర రెట్లకు మించిన బరువుండగా, సిల్వియా ఇంచుమించు ఒకటింబావు రెట్లు మాత్రమే. కావున అది ఏకశిల కాదు. లోపల ఖాళీలైనను, మంచువంటి తేలిక పదార్థమైనను ఉండవలెను. పూర్వమెప్పుడో గొప్ప తాకిడికి పగిలి, ముక్కలు మరల కూడగా సిల్వియాయు, మిగిలిన తునకలచే చంద్రులును ఏర్పడినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇది విని ఆ వృద్ధుడు, "ఐనచో తూచినవాడు అక్కడికి పోనక్కరలేదన్నమాట!" అనెను. అంతియే. మీ మనుమలు ఇట్టి వింత చెప్పినప్పుడు త్రోసివేయకుడు, "ఎట్లు తెలిసెను?" అని యడుగుడు. సెలవు.