బల్లపై ఓరుగల్లు

మన పల్లెలలో దేవాలయ ప్రాంగణంలోని బండల మీద, రచ్చకట్టల మీద కొన్ని పాత గీతలు కనిపిస్తాయి. ఒక త్రికోణం, దాని శిఖరం నుండి కిందికి దిగే రేఖలు, వాటిని అడ్డంగా ఖండించే మరికొన్ని రేఖలు. అది పులిజూదపు పటం. ఆటలో ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. అయినప్పటికీ మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి, పులులు కదలకుండా దారులన్నీ మూసివేస్తే గెలుపు మేకలదే. ఇక్కడ బలాలు సమానం కావు. గెలుపు అనే మాటకు అర్థం కూడా ఇద్దరికీ ఒక్కటి కాదు. గడిచిపోయిన యుద్ధాలను బల్లపై తిరిగి నిర్మించి పరిశీలించే విద్యకు ఈ సూక్ష్మమే మొదటి పాఠం.

యుద్ధాన్ని ఆటగా మలచడం మన దేశానికి కొత్త కాదు. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాల సేనను గడుల మీద నిలిపిన చతురంగం ఏడవ శతాబ్దం నాటికే ప్రసిద్ధమైనది. బాణభట్టు హర్షచరితంలో దాని ప్రస్తావన ఉన్నది. అయితే చదరంగంలో జరిగేది ఏ ఒక్క యుద్ధమూ కాదు. అక్కడ నదులు లేవు, కొండలు లేవు, ఆకలి లేదు, వదంతి లేదు. ఇరుపక్షాల బలం సమానం. ఎత్తులన్నీ ఇద్దరి కళ్లకూ కనిపిస్తాయి. నిజమైన యుద్ధభూమిలో ఇవేవీ ఇట్లా ఉండవు.

ఈ లోటును పూరించే ప్రయత్నం ఐరోపాలో ప్రష్యా రాజ్యంలో జరిగింది. రైస్విట్జ్ అనే అధికారి 1812లో కొండలను, నదులను, రహదారులను చూపే పలకలతో ఒక యుద్ధక్రీడను తయారు చేసి తన రాజుకు సమర్పించాడు. సైన్యాధికారియైన ఆయన కుమారుడు దానిని సంస్కరించి 1824లో నియమాలతో సహా ప్రచురించాడు. అందులో గడులకు బదులు కొలతలకు సరిపోయే భూపటం వచ్చింది. దళాలకు గుర్తుగా ఎరుపు, నీలం బిళ్లలు వచ్చాయి. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల యుద్ధకాలానికి సమానం. పోరాట ఫలితాన్ని పాచిక, నష్టాల పట్టిక కలిసి తేల్చేవి. అన్నింటికన్నా ముఖ్యమైనది నిర్ణేత పాత్ర. శత్రువు ఎక్కడ ఉన్నాడో ఆటగాడికి తెలియదు. నిర్ణేత చెప్పినంత మేరకే తెలుస్తుంది.

సైనిక శిక్షణగా పుట్టిన ఈ విద్య క్రమంగా సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు రాశాడు. ఆయన యుద్ధప్రియుడు కాడు. బొమ్మల యుద్ధం ఆడి చూచినవాడికి నిజమైన యుద్ధం ఎంతటి అవివేకమో తెలుస్తుందని ఆయన భావించాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం మొదలు కావడం చరిత్రలోని విషాదం. తరువాతి కాలంలో గ్రీకు, రోమను యుద్ధాలను బల్లపై పునర్నిర్మించే బృందాలు బ్రిటనులో ఏర్పడ్డాయి. లండను కింగ్స్ కళాశాల ఆచార్యుడు ఫిలిప్ సేబిన్ 2007లో ప్రకటించిన గ్రంథంలో ప్రాచీన యుద్ధాలను ఈ పద్ధతిలోనే పరిశోధించాడు. పాత గ్రంథాలలోని సంఖ్యలను, కదలికలను బల్లపై పెట్టినప్పుడు పొసగకపోతే, సంఖ్యలోనో మన ఊహలోనో పొరపాటు ఉన్నదని గ్రహించవచ్చు. ఈ ఆట చరిత్రకు సాక్ష్యం కాజాలదు. సాక్షులను ప్రశ్నించే సాధనం మాత్రమే.

నిజాయితీ లేకపోతే ఈ సాధనం ప్రమాదకరం. 1942లో మిడ్వే ద్వీపంపై దాడికి ముందు జపాను నౌకాధికారులు బల్లపై యుద్ధాన్ని ఆడి చూచారు. ఆ ఆటలో శత్రు విమానాల దాడికి తమ విమానవాహక నౌకలు రెండు మునిగినట్లు పాచిక తేల్చింది. పర్యవేక్షిస్తున్న ఉన్నతాధికారి ఆ ఫలితాన్ని అంగీకరించక నష్టాన్ని తగ్గించాడని జపాను అధికారులే తరువాత రాశారు. 1942 జూన్‌లో జరిగిన అసలు యుద్ధంలో జపాను నాలుగు విమానవాహక నౌకలను కోల్పోయింది. బల్లపై మార్చిన లెక్కను సముద్రం మార్చలేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. భూపాలపల్లి జిల్లాలోని చెల్పూరులో విద్యుత్కేంద్రానికి కాకతీయుల పేరే ఉన్నది. సమీపంలోని ఘన్‌పూర్‌లో కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్నాయి. 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయం 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇటువంటి చోట చదువుకునే విద్యార్థులు బల్లపై నిలపడానికి గ్రీసు, రోము వరకు వెళ్లనవసరం లేదు. 1310లో జరిగిన ఓరుగల్లు ముట్టడి చాలును.

ముందుగా రంగస్థలాన్ని సిద్ధం చేయాలి. ఓరుగల్లు రాతికోట సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం గల వలయం. దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, ప్రాకారాలను చుట్టి నీటి కందకాలు ఉన్నాయి. బల్లపై ఒక సెంటీమీటరును నేలపై ఇరవై మీటర్లుగా లెక్కిస్తే రాతికోట 60 సెంటీమీటర్లు, మట్టికోట 120 సెంటీమీటర్లు అవుతుంది. అట్టముక్కలతో, తడిమట్టితో వీటిని నిర్మించవచ్చు. మాలిక్ కాఫూర్ తొలుత ఆక్రమించిన హనుమకొండ కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నందున ఈ బల్లపై ఇమడదు. దానికి వేరొక కాగితం కావాలి.

ఇక్కడే మొదటి ప్రశ్న ఎదురవుతుంది. కోటకు ఎన్ని బురుజులు పెట్టాలి? డెబ్బది ఏడుగురు నాయకులు డెబ్బది ఏడు బురుజులను కాపాడారని తరువాతి కాలపు సంప్రదాయం చెబుతుంది. కాని రాతి ప్రాకారానికి 45 బురుజులున్నట్లు పరిశోధకులు లెక్కించారు. పుస్తకంలో చదివినప్పుడు ఈ తేడాను గమనించకుండా దాటిపోవచ్చు. చేతిలో అట్టముక్కలు పట్టుకొన్నవాడు దాటిపోలేడు.

రెండవ ప్రశ్న సాక్షులది. ఈ ముట్టడిని వివరంగా వర్ణించినవాడు ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో. ఆయన తన సుల్తాను విజయాలను కీర్తించడానికి రాశాడు. అయినా మట్టిగోడ దృఢత్వాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. కోటలోపల ఉన్నవారు ఆ రోజులలోనే రాసిన ఇంతటి వివరమైన వర్ణన మనకు దక్కలేదు. కాబట్టి ఢిల్లీ సేన పక్షాన ఆడేవాడికి ఆధారాలు ఎక్కువ. ఓరుగల్లు పక్షాన ఆడేవాడు ఆలోచనతోనే అడుగులు వేయాలి.

ఒక్కొక్క ఎత్తును మూడు రోజులుగా తీసుకొంటే, జనవరి మధ్య నుండి మార్చి మధ్య వరకు ఇరవై ఎత్తులలో ఆట ముగుస్తుంది. దాడిచేసేవారికి రాళ్లు విసిరే యంత్రాలు, అశ్వబలం ఉన్నాయి. వారి బలహీనత దూరం. ఢిల్లీ నుండి సహాయం రావాలంటే నెలలు పడుతుంది. ముందున్నది వేసవి. ఓరుగల్లు వారి బలం గోడలు, నీరు, తెలిసిన నేల. ఒక రాత్రి కాకతీయుల అశ్వదళం శత్రు శిబిరంపై పడి విఫలమైనదని ఖుస్రో రాశాడు. ఆ దాడిని మళ్లీ చేయాలా, మరొక విధంగా చేయాలా అన్నది ఆటగాడి నిర్ణయం. ఫిబ్రవరిలో మట్టికోట శత్రువశమైనది. వెలుపలి వలయంలోని జనం రాతికోటలోకి చేరుకొంటే తిండి ఎన్నాళ్లు సరిపోతుంది? కత్తుల లెక్క కన్నా గింజల లెక్క ముఖ్యమని ఆటగాడు తెలుసుకొనేది ఇక్కడే.

చరిత్రలో ప్రతాపరుద్రుడు సంధి చేసుకొన్నాడు. ధనాన్ని, ఏనుగులను, గుర్రాలను అప్పగించి, కప్పం కట్టడానికి అంగీకరించాడు. మార్చిలో ఢిల్లీ సేన వెనుదిరిగింది. మరి గెలిచినవారు ఎవరు? ధనాన్ని లెక్కపెడితే మాలిక్ కాఫూర్. రాజ్యం నిలిచిందా అని అడిగితే, అది మరో పదమూడేళ్లు నిలిచింది. ఆట నియమాలు రాసేవాడు గెలుపుకు ఎన్ని గుణాలు, దేనికి ఇవ్వాలో ముందుగానే నిర్ణయించాలి. ఆ ఒక్క వాక్యం ఆట ఫలితాన్నే మార్చివేస్తుంది. చరిత్ర పుస్తకాలలో కూడా అటువంటి వాక్యం ఒకటి పైకి కనబడకుండా ఉంటుంది. దానిని గుర్తించడమే చదువు.

తరువాతి ముట్టడిలో మరొక పాఠం ఉన్నది. 1321లో ఉలుగ్ ఖాన్ దండెత్తి కోటను చుట్టుముట్టాడు. ఢిల్లీ నుండి వార్తలు ఆగిపోయాయి. సుల్తాను మరణించాడనే వదంతి శిబిరంలో వ్యాపించింది. సేన చెదిరింది, ముట్టడి విఫలమైంది. ఆ వార్త నిజం కాదు. ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చి 1323లో కోటను జయించాడు. బందీగా ఢిల్లీకి పోతూ ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని విలస తామ్రశాసనం తెలుపుతుంది. వదంతికి స్థానంలేని యుద్ధక్రీడ 1321 నాటి ఫలితాన్ని ఎప్పటికీ చూపలేదు.

అయితే బల్లపైకి రాని యుద్ధాలూ ఉన్నాయి. మేడారంలో కాకతీయ సేన కప్పం కోసం కోయల మీదికి వచ్చినదని, సమ్మక్క, సారలమ్మలు ఎదిరించి పోరాడారని, జంపన్న సంపెంగ వాగులో ప్రాణాలు విడిచాడని జనశ్రుతి. ఆ వాగు నేటికీ జంపన్న వాగే. ఎంతమంది పోరాడారో, ఏ దారిన వచ్చారో ఏ ఆస్థాన కవీ రాయలేదు. ఆ యుద్ధాన్ని లక్షలాది జనం రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి నాటి జాతరలో స్మరిస్తారు. 1310లో పులి నోట చిక్కిన మేకల పక్షాన ఉన్న ఓరుగల్లు, మేడారం కథలో తానే పులి. ఒకే రాజ్యాన్ని రెండు వైపుల నుండి చూపే ఈ సత్యం ఒక బల్లపై ఇమడదు. ఒకసారి ఓరుగల్లును, ఒకసారి మేడారాన్ని మన పక్షంగా భావించి ఆలోచించినప్పుడే అది బోధపడుతుంది.

ఆటలో ఒక బిళ్లను పక్కకు తీయడం క్షణకాలపు పని. ఆ బిళ్ల ఐదువందల మందికి గుర్తు అనుకొంటే, ఐదువందల ఇళ్లలో ఆ రాత్రి దీపం వెలగలేదని అర్థం. ఆట ముగిశాక బిళ్లలన్నీ తిరిగి పెట్టెలోకి చేరుతాయి. యుద్ధానికి పోయిన మనుషులు అట్లా ఇళ్లకు చేరలేదు. ఈ తేడాను మరువకుండా ఆడినవాడు గెలిచినా, ఓడినా చరిత్రను కొంత నేర్చుకొన్నవాడే అవుతాడు.